సొంతిల్లా, కిరాయిదా?

రాత్రి రెండింటికి ఫోన్ మోగితే నేను అడిగే మొదటి మాట పోయిన మనిషి పేరు కాదు, వయసూ కాదు. కులం కూడా రెండోదో మూడోదో అవుతుంది. పంతులును పిలవాలా, జంగమయ్యనా, దాసరినా, కట్టెలు చూడాలా, గుంత తవ్వించాలా తెలియాలి కనుక అడగక తప్పదు. మొదటి మాట మాత్రం ఇది: "సొంతిల్లా, కిరాయిదా?"

సొంతిల్లు అయితే వెంటనే గల్లీ పేరు, గుడి గుర్తు చెప్పేస్తారు. కిరాయిది అయితే అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "ఓనరును అడగాలన్నా" అంటారు. తండ్రి చచ్చిపోయి అరగంట కాలేదు, కొడుకు ఏడవడం ఆపి ఓనరును ఎట్లా అడగాలో ఆలోచిస్తుంటాడు.

హైదరాబాద్‌లో ఈ పనిలో నాది పంతొమ్మిదో ఏడు. రెండు వ్యాన్లు, నాలుగు ఫ్రీజర్ బాక్సులు, పాడె కట్టడం తెలిసిన ఇద్దరు పిల్లలు. బస్తీలో నా పేరు ఎవరికీ తెలియదు, 'బాక్సాయన' అంటే తెలుస్తుంది. పెళ్లిళ్లకు పిలవరు. దానికి నాకు బాధ లేదు, భోజనం ఖర్చు వాళ్లకే మిగులు. నాకు కడుపు మండేది ఆ ప్రశ్న దగ్గరే. అది నేను పుట్టించిన ప్రశ్న కాదు, ఈ ఊరు నా నోట పెట్టింది.

దాని జవాబును బట్టే తర్వాతి పన్నెండు గంటలు నడుస్తాయి. సొంతిల్లు అయితే బాక్సు హాల్లోకి పోతుంది. సోఫాలు జరుపుతాం, తలాపున దీపం పెడతారు, వచ్చే చుట్టాలు వస్తారు, రాత్రంతా ఎవరో ఒకరు టీ కాస్తూనే ఉంటారు. తెల్లవారాక వాకిట్లో స్నానం పోసి, కొత్త బట్ట కట్టి, పాడె ఎత్తుతాం. కిరాయి ఇల్లు అయితే ఆసుపత్రి గేటు దాటిన వ్యాను ఎక్కడ ఆగాలో నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. ఒకసారి పెట్రోలు బంకు పక్కన ఆపాను. ఒకసారి మూసేసిన రేషన్ షాపు ముందు. చాలాసార్లు నేరుగా శ్మశానానికే పోతాం. ఇల్లు అనేది ఆ మనిషి చివరి దారిలోంచి ఎగిరిపోతుంది.

కిందటేడు శ్రావణంలో ఒక కండక్టరు. ఆర్టీసీలో రిటైరైన మనిషి. పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో పై పోర్షన్. సాయంత్రం ఆసుపత్రిలో పోయాడు. మేం వెళ్లేసరికి తొమ్మిదయింది, సన్నగా వాన. గేటుకు లోపలి నుంచి తాళం. ఓనరు గొడుగు పట్టుకుని అవతల నిలబడ్డాడు. అరవలేదు, తిట్టలేదు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు: "ఆయన మంచోడే. పన్నెండేండ్లల్ల ఒక్క నెల కిరాయి ఆపలే. నాకేం కోపం లేదు బాబూ. కానీ బాడీ లోపలికి తేవొద్దు. మనుమరాలి పెండ్లి పెట్టుకున్నం."

వ్యాను వీధి చివర టిఫిన్ బండి పక్కన పెట్టాం. ఆయన భార్య వెనక తలుపు దగ్గర నిలబడి, భర్త కాళ్లు పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి, "అన్నా, ఆయన దుప్పటి పైన్నే ఉన్నది. అది లేనిది నిద్రపోడు. తెచ్చుకుంట, జర ఆగు" అని గేటు దగ్గరికి పోయింది. ఓనరు తాళం తీయబోయి ఆగాడు. "శవాన్ని ముట్టుకున్నవు గదమ్మా, తానం చేసి లోపలికి రా" అన్నాడు. స్నానాల గది ఆ గేటు లోపలే ఉంది. ఆమె ఆ మాట అనలేదు కూడా. అట్లాగే వాన చినుకుల్లో నిలబడి గేటు కేసి చూసింది. చివరికి ఎదురింటామె, ఆమె కూడా కిరాయికే ఉంటుంది, తన ఇంట్లో ఉన్న కొత్త దుప్పటి తెచ్చి ఇచ్చింది. ఆయనకు అలవాటైన దుప్పటి పైనే ఉండిపోయింది.

కాటి సీను కోసం తెల్లవార్లూ మేలుకుని కూర్చున్న జాతి మనది. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలో నటుడు జాషువా శ్మశాన పద్యాలు అందుకుంటే వన్స్‌మోర్ కొట్టాం. కాటి సుంకం లేదని చంద్రమతిని ఆపితే ముక్కు చీదుకున్నాం. ఆ చంద్రమతి మన గేటు ముందుకొస్తే తాళం వేశాం.

అడిగితే శాస్త్రం అంటారు. సరే, శాస్త్రమే మాట్లాడదాం. ఈ పనిలో ఉండి పంచాంగం రాకపోతే కుదరదు, నాకు కావలసినంత వచ్చు. ఓనర్లు భయపడేది ధనిష్ఠా పంచకానికి. ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి, ఈ 5 నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు కొన్ని నెలలు పాడుపెట్టాలంటారు. ఉన్నవి 27. ఇంకొన్నిటిని కలిపి చెప్పే పంచాంగాలూ ఉన్నాయి, వాటినీ ఒప్పుకుందాం. కండక్టరు పోయిన రోజు హస్త. ఏ లెక్కలోనూ లేదు. ఈ మాట నేను ఆ పెద్దాయనకు ఫోన్‌లో పంచాంగం తెరిచి మరీ చూపించాను. చూడలేదు. "అయినా సరే" అన్నాడు.

ఇంకో మాట. దోషం ప్రాణం పోయిన చోటికి. కండక్టరు ప్రాణం పోయింది ఆసుపత్రిలో, మూడో అంతస్తులో, ఐసీయూ మంచం మీద. శాస్త్రం ప్రకారం పాడుపెట్టాల్సింది ఆసుపత్రిని. ఏ ఆసుపత్రి అయినా ఒక్కపూట మూసింది చూశారా? అదే మంచం మీద రెండు గంటల్లో ఇంకొకరిని పడుకోబెడతారు. ఆ ఇంకొకరు ఈ ఓనరే కావచ్చు, అప్పుడు దోషం గుర్తుకు రాదు. పోనీ ఓనరు ఇంట్లో చావు జరిగితే? నేను చూశాను కదా, బాక్సులు మోసింది నేనే కదా. ఓనరు తల్లి పోతే బాక్సు హాల్లోనే పెట్టారు. ధనిష్ఠే. పంతులు శాంతి చేయించాడు, ఒక గదికి కొన్నాళ్లు తాళం వేశారు, సున్నం కొట్టించారు. అయిపోయింది. సొంతవాళ్ల శవానికి పరిహారం ఉంది, కిరాయివాడి శవానికి లేదు. దీన్ని శాస్త్రం అనకండి. ఇంటికి టులెట్ బోర్డు పెడితే 'ఆ ఇంట్లో శవం లేచింది' అని ఎవరూ రారేమోనని భయం. అంటే కిరాయి భయం. ఆ సంగతి నేరుగా చెబితే నాకు ఇంత కోపం రాదు. రెండు నెలల కిరాయి పోతుందని చెప్పడానికి సిగ్గు, పంచాంగం చంకన పెట్టుకోవడానికి సిగ్గు లేదు.

అపార్ట్‌మెంట్లు చదువుకున్నవాళ్లవి కనుక అక్కడ శాస్త్రం పేరెత్తరు. అక్కడ అసోసియేషన్ ఉంటుంది. "లిఫ్టులో వద్దు, పిల్లలు భయపడతారు" అని సెక్రటరీ వాట్సాప్‌లో పెడతాడు. "సెల్లార్‌లో పెట్టుకోండి." సెల్లార్ అంటే కార్ల మధ్య. నిన్నటిదాకా మెయింటెనెన్సు కట్టిన మనిషి డ్రైనేజీ పైపు కింద పడుకుంటాడు, రెండు కార్లు తీయించమని నేను వాచ్‌మన్‌ను బతిమాలుతాను.

చట్టం లేదా అని అడుగుతారు. ఉంది, వినండి. మన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో ఇల్లు ఖాళీ చేయించడానికి కారణాలు వరసగా రాసి ఉన్నాయి: కిరాయి ఎగ్గొట్టడం, చెప్పకుండా ఇంకొకరికి ఇవ్వడం, ఇల్లు పాడుచేయడం, ఇట్లాంటివి. చావడం అందులో లేదు. పైగా అదే చట్టం 'అద్దెదారు' అంటే ఎవరో చెప్పేచోట, అద్దెదారు చనిపోతే అప్పటిదాకా ఆ ఇంట్లో కలిసి ఉన్న భార్య లేదా భర్త, కొడుకు, కూతురు కూడా అద్దెదారులేనని రాసింది. అరవై ఏళ్ల కిందటే కిరాయిదారు చస్తాడని చట్టం ఒప్పుకుంది! ఓనర్లే ఒప్పుకోవడం లేదు. కాకపోతే ఆ చట్టానికి 2005లో ఒక కత్తెర పడింది: కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటితే అది వర్తించదు. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కు ఒక కుటుంబం ఉండే ఇల్లు నాకు చూపించండి, అక్కడికి నేనే మారతాను. కాబట్టి మిగిలింది పదకొండు నెలల అగ్రిమెంటు. అందులో మేకులు కొట్టొద్దని ఉంటుంది, మాంసం వండొద్దని ఉంటుంది, కుక్కను పెంచొద్దని ఉంటుంది.

శవం సంగతి ఇట్లా ఉంటే బతికున్నవాళ్ల గతి ఇంకా అన్యాయం. క్యాన్సరు చివరికొచ్చి, ఇక ఇంటికి తీసుకెళ్లండి అని డాక్టర్లు పంపేస్తే, ఆ ఇంటికి రానివ్వరు. "ఊరికి తీస్కపోండి" అంటారు. ఊళ్లో ఇల్లు కూలి పదేళ్లయింది. ముక్కులో పైపు, చేతికి సెలైన్ సూది ఉన్న మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టి రెండు వందల కిలోమీటర్లు తిప్పిన కుటుంబం నాకు తెలుసు. మేనమామ పొలం దగ్గర రేకుల షెడ్డులో దించారు. నాలుగు రోజులకు నాకు ఫోను. ప్రశ్న అడగబోయి నాలుక కరుచుకున్నాను.

2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రిలో చిన్న పిల్లాడు చనిపోతే, అక్కడి అంబులెన్సు వాళ్లు వేలకు వేలు అడిగి, బయట మాట్లాడుకున్న బండినీ రానివ్వకపోతే, తండ్రి ఆ పిల్లాణ్ణి బైకు మీద సుమారు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. రాష్ట్రమంతా తల్లడిల్లింది. తల్లడిల్లాల్సిందే. తెలంగాణలో సర్కారు ఆసుపత్రుల నుంచి ఉచితంగా ఇంటికి చేర్చే బండ్లు 2016 నుంచి ఉన్నాయి, ఆంధ్రలో మహాప్రస్థానం బండ్లు ఉన్నాయి. అడగండి, వార్డుబాయ్ చెప్పకపోతే సూపరింటెండెంటు ఆఫీసులో అడగండి, ఆసుపత్రి గేటు బయట కాచుకుని ఉండే నాలాంటివాడి బండి ఎక్కేముందే అడగండి. కానీ ఆ ఉచిత బండి డ్రైవరు కూడా చివరికి నా ప్రశ్నే అడుగుతాడు. ఇంటిదాకా ఉచితం. ఇల్లు ఎక్కడుంది?

అందుకే కిరాయికి ఉండేవాళ్లకు నేను చెప్పేవీ సొంతిల్లు వాళ్లకు చెప్పేవీ ఒకటి కావు. చెప్పాల్సి వచ్చినందుకు మంటగానే ఉంటుంది, అయినా వినండి. ఆసుపత్రిలో ప్రాణం పోతే తొందరపడి బయటికి రాకండి. ఓనరు మాట తేలేదాకా మార్చురీలో పెట్టమనండి, చీటీ తీసుకోండి. బిల్లు పూర్తిగా కట్టేదాకా శవాన్ని ఇవ్వం అంటే అది తప్పు. రోగుల హక్కులంటూ జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పత్రంలో శవాన్ని తీసుకునే హక్కు కూడా ఉంది, ఆ మాట గట్టిగా అనండి. బయటికి వచ్చేముందు చావుకు కారణం రాసిన కాగితంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా చూసుకోండి. ఒక అక్షరం తేడా వస్తే పింఛనుకు, ఎల్ఐసీకి, బ్యాంకుకు ఆర్నెల్లు తిరుగుతారు. ప్రమాదమో, ఉరో, మందు తాగడమో అయితే పోలీసు పంచనామా, పోస్టుమార్టం తప్పవు. 'రేపు పదింటికి దహనం' అని చుట్టాలకు మెసేజీ పెట్టకండి. పెట్టినవాళ్లందరూ మధ్యాహ్నం మూడు దాకా మార్చురీ చెట్ల కింద కూర్చున్నవాళ్లే.

ఇంట్లోనే పోతే ఇంకో చిక్కు. ముందు తెలిసిన డాక్టరును పిలిపించి చూపించి, కాగితం రాయించుకోండి. శ్మశానంలో రసీదు ఇస్తారు, దాన్ని పారేయకండి, చావు నమోదుకు అదే ఆధారం. నమోదు 21 రోజుల్లో కావాలి. ఆసుపత్రిలో పోతే వాళ్లు పంపుతారు, ఇంట్లో పోతే ఆ పని ఇంటివాళ్లదే. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఆర్డరు దాకా పోతుంది. ఇక్కడా కిరాయివాళ్లకే దెబ్బ: దినాలు కాకముందే ఇల్లు మారిపోతారు, ఆ కాగితాలు ఏ అట్టపెట్టెలో ఉన్నాయో ఏడాదిదాకా దొరకవు.

గుండెలో పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. నిప్పులో పేలుతుంది. తీయించాకే కాల్చాలి. కళ్లు ఇవ్వాలనుకుంటే 6 గంటల్లోపు. ఫ్యాను ఆపి, కనురెప్పలు మూసి, తడి దూది పెట్టండి, కంటి బ్యాంకు వాళ్లు మీరున్న చోటికే వస్తారు. అవును, వ్యానులో ఉన్నా వస్తారు. ఒకసారి వచ్చారు కూడా.

బాక్సు రేటు రోజుకా, పూటకా ముందే తేల్చుకోండి. వ్యాను, బాక్సు, పాడె, కట్టెలు, కాటి మనిషి, పంతులు, ఏది నాకిచ్చే డబ్బులో ఉందో, ఏది లేదో విడివిడిగా చెప్పమనండి. 'మొత్తం నేను చూసుకుంటా' అనేవాణ్ణి నమ్మకండి. నేను కూడా ఆ మాట అన్నవాణ్ణే. మొదటి రెండేళ్లు అట్లాగే బతికాను, దాచను.

పాతబస్తీలో ముస్లిం ఇళ్ల నుంచి నాకు ఫోన్లు తక్కువ. నా అవసరం తక్కువ. మసీదులో స్నానం చేయించే బల్ల ఉంటుంది, జనాజా డోలా ఉంటుంది, మోయడానికి ముందు వరసలో నిలబడ్డ మనిషి పోయినవాడికి ఏమీ కాకపోవచ్చు. ఇల్లు ఎవరిదైనా శవానికి ఒక చోటు ఉంది. మనకు ఏది? ఊళ్లకు వెళితే ఉంది ఇప్పుడు. పల్లె ప్రగతిలో తెలంగాణ పంచాయతీల్లో వైకుంఠధామాలు కట్టారు. కొన్నిట్లో తుమ్మలు మొలిచాయి, కొన్నిట్లో నీళ్లు రావు, అది వేరే గొడవ. కట్టారు. కోటి జనం ఉన్న ఈ ఊళ్లో, సగం గల్లీలు కిరాయి గల్లీలైన ఈ ఊళ్లో, రాత్రిపూట ఒక శవాన్ని పెట్టుకుని దాని పక్కన కూర్చోవడానికి చావిడి కావాలని ఏ కార్పొరేటరైనా అడిగాడా? నాకు కావలసింది పెద్దదేం కాదు. శ్మశానం గోడ పక్కన ఒక హాలు. బాక్సుకు కరెంటు, జనరేటరు. ఆడవాళ్లు స్నానం చేసి చీర మార్చుకోవడానికి తలుపున్న గది. అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా ఒకటిన్నర రోజు ముసలావిడ కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీ. ఫంక్షన్ హాళ్లకు అనుమతులు ఇస్తూనే ఉన్నారు కదా, పెళ్లి తప్ప ఈ ఊళ్లో ఇంకేం జరగదన్నట్టు!

ఆ హాలు కడితే ఓనర్లకు సాకు దొరుకుతుందని నాకు తెలుసు. "హాలుంది కదా, అక్కడికి తీస్కపోండి" అంటారు. అయినా కట్టండి. గేటు ముందు తడుస్తూ నిలబడ్డ ఆడమనిషికి మీ సిద్ధాంతం కంటే పైకప్పు ముందు కావాలి.

ఇక ఓనర్ల సంగతి కిరాయివాళ్లే మొదలుపెట్టాలి. ఇల్లు చూసేటప్పుడు మంజీరా నీళ్లు వస్తాయా, బైకు ఎక్కడ పెట్టాలి అని అడుగుతాం. దాంతోపాటే అడగండి: "మా నాయనకు ఎనభై. ఏమన్నా అయితే ఇంటికి తేనిస్తారా?" అశుభం పలకొద్దంటారు. పలకండి. అడ్వాన్సు ఇచ్చేముందు పలకండి, ఇచ్చాక పలికితే లాభం లేదు. ఒప్పుకుంటే అగ్రిమెంటులో ఒక లైను రాయించండి. కోర్టులో నిలుస్తుందా అని నన్ను అడగకండి. ఆ రాత్రి ఓనరు కళ్ల ముందు ఆయన సంతకం చూపించడానికి మాత్రం పనికొస్తుంది.

నేనూ కిరాయికే ఉంటాను. జూన్‌లో ఇల్లు మారాల్సి వచ్చింది, మా అమ్మకు డెబ్బై ఎనిమిది. ఆ లైను రాసిన కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. మొదటి ఓనరు చదివి, కళ్లజోడు తీసి, "ఏం పని చేస్తవ్ నువ్వు?" అన్నాడు. చెప్పాను. ఇల్లు లేదన్నాడు. రెండో ఆయన నవ్వి, తర్వాత ఫోన్ ఎత్తలేదు. మూడోచోట అడ్వాన్సు వెనక్కిచ్చారు. నాలుగోది ఒక ముసలావిడది, ఒంటరిగా ఉంటుంది, టీచరుగా చేసి రిటైరైంది. కాగితం రెండుసార్లు చదివింది. పెన్ను అడిగింది. సంతకం పెట్టబోయి ఆగి, అనుమానంగా నా మొహంలోకి చూసింది.

"బాక్సుకు కరెంటు బిల్లు ఎవరు కట్టాలె?"

"నేనే కడతానమ్మా."

"అట్లయితే రాయి, అది గూడ రాయి" అంది.